సవర బడికి సవర వచ్చిన పంతులు కావాలి

ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం సభల్లో మార్మోగుతుంది. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవర అనే గిరిజన భాష నేర్చుకున్న సంగతి, 1931లో ఇంగ్లీషులో ఆ భాషకు వ్యాకరణం వెలువరించిన సంగతి అంతగా వినపడవు. సవరలుండే కొండల్లో తిరిగి మలేరియా పాలై, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్నారాయన. సవర నోటి మాట కోసం వినికిడినే పోగొట్టుకున్న మనిషి రుణం దండలతో తీరదు.

2011 జనాభా లెక్కల్లో సవర మాట్లాడేవారు 4 లక్షలకు పైనే. ఎక్కువ మంది ఒడిశాలో, మిగిలిన వారిలో చాలామంది మన సీతంపేట, భామిని, కురుపాం కొండల్లో ఉన్నారు. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. మన వైపు కొండ దిగి సంతకు, బడికి, ఆఫీసుకు వచ్చిన సవరకు తెలుగు తప్ప గత్యంతరం లేదు. పిల్లలతో ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే కుటుంబాలు పెరిగితే ఒక్క తరంలో భాష జారిపోతుంది.

పోయేది చిన్న సంపద కాదు. ఊపిరిని గొంతులో చటుక్కున ఆపి పలికే ధ్వని సవరలో ఉంది, దానికి తెలుగులో అక్షరమే లేదు. ఎనుబోతు మాంసం తినడం గురించి చెప్పేటప్పుడు ఎనుబోతు పేరు పొట్టిదై క్రియలోనే కలిసిపోతుంది. లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడంటే పన్నెండూ ఒకటీ, ముప్పై తొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఇంట్లో ఇలా లెక్కపెట్టే పిల్ల ఒకటో తరగతిలో పదుల లెక్క ముందు బిక్కమొహం వేస్తే, సవర రాని పంతులుకు ఆ తడబాటు ఎందుకో ఎలా తెలుస్తుంది? పిల్లకు లెక్కలు రావని తేల్చేస్తాడు. ఇది అన్యాయం.

ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రం 2004లో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టింది. ఆ దారి సరైనదే. వాచకాలు అచ్చు వేసినంత మాత్రాన సరిపోదు, వాటిని పలికించే పంతులుండాలి. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పును సాకుగా చూపి చేతులు ముడుచుకోవడం తగదు. పిల్లల భాష వచ్చి ఉండాలన్నది అర్హత, రిజర్వేషన్ కాదు. సవర ఎవరైనా నేర్చుకోవచ్చు. గిడుగు నేర్చుకోలేదా?

పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు రావాలని సవర తల్లిదండ్రులు కోరుకుంటే అది న్యాయమైన కోరికే. సవరలో చదవడం, రాయడం పట్టుబడ్డ పిల్లకు ఆ రెండూ తొందరగానే అబ్బుతాయి.

వచ్చే డీఎస్సీలోనే సవర గ్రామాల ప్రాథమిక పాఠశాల పోస్టులకు సవర మాట్లాడే పరీక్ష పెట్టాలి. ఇప్పటికే అక్కడ పనిచేస్తున్నవారికి జీతంతో కూడిన శిక్షణ ఇచ్చి, గడువు పెట్టి భాష నేర్పించాలి. నేర్పే పని ఊళ్లోని సవర పెద్దలకు అప్పగించి, గౌరవ వేతనం ఇచ్చి, వారి మాటను రికార్డు చేయాలి. ఇందుకయ్యే ఖర్చు గిరిజన ఉపప్రణాళిక నిధుల్లోంచే కేటాయించవచ్చు.