బండి నాది, మాట అబ్బాయితోనా?

"ఇంట్లో మగవాళ్లెవరూ లేరామ్మా?" పాత అంబాసిడర్‌కి పిస్టన్ రింగులు కావాలని అడిగితే కొట్టాయన నోట వచ్చిన మొదటి మాట ఇది.

మిర్చి వ్యాపారం చేసే రోజుల్లో మా మామగారు గుంటూరులో కొన్న బండి అది. 1974 నాటి మార్క్ టూ. ఆయనా, తర్వాత మావారూ పోయాక నా పేరుకి మారింది. కిందటేడు సైలెన్సర్‌లోంచి నీలం పొగ మొదలైంది. రింగులు అరిగి ఇంజన్ ఆయిల్ మండుతోందని మెకానిక్ తేల్చాడు. చెప్పింది మాత్రం నాతో కాదు, పక్కన నిలబడ్డ మా అబ్బాయితో! వాడికి ఆ బండి గురించి తెలిసిందల్లా హారన్ నొక్కడమే. "పార్టులు దొరకవు సార్, డీజిల్ ఇంజన్ ఎక్కించేద్దాం, లేదంటే తూకానికి అమ్మేయండి" అని సలహా కూడానూ.

నిజమే, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పార్టులు వెతుక్కోవాల్సిందే. కానీ వెతుక్కోవడం మనకేమైనా కొత్తా? ఏ కంపెనీదో, ఎన్ని లీటర్లదో చూడకుండా కుక్కరు గ్యాస్కెట్ కొంటామా? చీర పట్టుకెళ్లకుండా మ్యాచింగ్ సెంటర్లో జాకెట్ గుడ్డ తీసుకుంటామా? ఇదీ అంతే. అంబాసిడర్లన్నిటికీ ఒకటే ఇంజన్ కాదు. మా బండిది 1489 సీసీ పెట్రోలు ఇంజన్. 1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజన్ పార్టులు దీనికి పట్టవు. పైగా సిలిండర్లు ఒకసారి బోరింగ్ చేయించి ఉంటే మామూలు సైజు రింగులు పనికిరావు. అప్పుడు ఏ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశారో ఆ సైజువే కావాలి. ఇంజన్ నంబరు కాగితం మీద రాసుకుని, పాత పిస్టనూ రింగులూ గుడ్డలో చుట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. నాలుగో కొట్లో దొరికాయి.

ఇంజన్ మార్చకపోవడమే మేలైంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన సొంత బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇంజన్, ఛాసిస్, బాడీ అసలు రూపంలో ఉండాలి. అయితే అది తీసుకుంటే రోజువారీ పనులకి తిప్పకూడదు. ఏది కావాలో నేనే ఆలోచించుకుంటాను.

అసలు కారుకీ ఆడవాళ్లకీ సంబంధం ఇవాళ్టిది కాదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్, భర్తకి చెప్పకుండానే ఆయన తయారుచేసిన కారులో కొడుకులిద్దరినీ ఎక్కించుకుని వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు ముక్కలు వేయించుకుంది. కొట్లో దొరకని స్పేరుపార్టుని తనే సృష్టించుకుందన్నమాట!

కాగితాల మీద మన పేరుంటే చాలదు. ఆ బండికి ఏం కావాలో కూడా మనకి తెలియాలి. ఈసారి ఎవరైనా "మగవాళ్లు లేరా" అంటే తల దించుకోకండి. "బండి నాది, నాతో చెప్పండి" అనండి. మా మెకానిక్ ఇప్పుడు నాతోనే మాట్లాడుతున్నాడు మరి!