ఎకరాల్లో కొని గజాల్లో అమ్మేవాళ్లు

మా బడిలో ఐదో తరగతికి విస్తీర్ణం పాఠం చెబుతున్నాను. ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, ఎకరానికి ఎన్ని గజాలు?" అని అడిగాడు. 4,840 చదరపు గజాలని చెప్పాను. "మరి మా నాన్న ఎకరం లెక్కన అమ్మితే, ఆ బోర్డు మీద గజం లెక్కన రాశారేం?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. వాళ్ల నాన్న రాసిన అగ్రిమెంటు మీద సాక్షి సంతకం నాదే.

ఊళ్లో చదువుకున్నవాడు మాస్టారని పిలిచారు, వెళ్లాను, సంతకం పెట్టాను. డబ్బు తీసుకోలేదు గనక తప్పు చేయలేదనుకున్నాను. చేశాను. ఆ తప్పు ఒప్పుకున్నాకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది అనకాపల్లి జిల్లాలో కొండ దిగువనున్న కొండదొరల ఊరు. గెడ్డకు అవతలి ఊరు షెడ్యూల్డు ప్రాంతం, ఇవతలి మా ఊరు కాదు. అక్కడా ఇక్కడా అవే ఇంటిపేర్లు, అవే పండుగలు, ఇచ్చిపుచ్చుకునే పెళ్లిళ్లు. చట్టం మాత్రం ఒకటి కాదు. అవతల 1959 నాటి భూబదలాయింపు నిబంధన, మనం 1/70 అని పిలిచే 1970 సవరణతో కలిపి అమల్లో ఉంది. అక్కడ గిరిజనేతరుడికి భూమి అమ్మినా, కౌలుకిచ్చినా, తాకట్టు పెట్టినా చెల్లదు. ఇవతల ఆ రక్షణ లేదు. మా డి-పట్టా భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల చట్టమే కంచెగా ఉండేది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకునే దారి తెరిచారు. అది పేదలకు హక్కు ఇవ్వడమేనన్నారు. కొనేవాడి చేతిలో సంచీ, అమ్మేవాడి ఇంట్లో అప్పు ఉన్నప్పుడు ఆ హక్కు ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా?

విశాఖ నగరం పెరిగి పెరిగి అనకాపల్లి పట్టణాన్ని కలుపుకుంది. ఇప్పుడు జీడితోటల దాకా కార్లు వస్తున్నాయి. వచ్చినవాడు మొదట అడిగేది భూమి గురించి కాదు, "మీ ఊళ్లో చురుకైన కుర్రాడెవరు?" అని. ఆ కుర్రాడికి బండికి పెట్రోలు పోయిస్తాడు, ఫోను కొనిపెడతాడు, కమీషన్ ఆశ చూపిస్తాడు. తమ్ముళ్లారా, మన తాతల భూమికి మనచేతే వల వేయిస్తున్నారు. గెడ్డకు అవతలైతే చట్టాన్ని దాటడానికి మన పేరే అద్దెకు తీసుకుంటారు. కాగితం మీద ఆదివాసీ పేరు, తోటలో గిరిజనేతరుడి కంచె. పేరు అరువిచ్చినవాడికి మిగిలేది కేసు.

పిల్లవాడి లెక్క మనమూ చేసి చూద్దాం. ఎకరం 20 లక్షలకు అమ్మామనుకోండి. గజం 413 రూపాయలు పడింది. రోడ్లకూ ఖాళీ జాగాకూ సగం పోయినా కొన్నవాడికి 2,420 గజాలు మిగులుతాయి. గజం 5,000కు అమ్మితే కోటి 21 లక్షలు. "అయితే మనమే గజాల్లో అమ్ముదాం" అంటారు కొందరు. లేఅవుట్ అనుమతికీ, రోడ్డుకూ పెట్టుబడి ఎవరిస్తారు? ఆఫీసుల్లో మన మాట ఎవరు వింటారు?

"పక్క ఊరి రైతు అమ్ముకుని బాగుపడ్డాడు, మనమే ఎందుకు ఇలా ఉండిపోవాలి?" అనే ప్రశ్న కూడా ఉంది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రైతుకు వేరే చోట పొలం ఉంది, బజారులో కొట్టు ఉంది, బ్యాంకులో తెలిసినవాళ్లున్నారు. మనకున్నది ఆ రెండెకరాలే. మా ఊళ్లో అమ్మినవాళ్ల డబ్బు ఆస్పత్రికీ, పెళ్లికీ, స్లాబుకీ, ఆటోకీ పోయింది. ఇప్పుడు ఆ పిల్లవాడి తండ్రి తన జీడితోటకే కాపలాదారు. గేటు తాళం ఆయన దగ్గరే ఉంటుంది, జీడిపిక్క ఏరుకునే హక్కు మాత్రం లేదు.

ఇంకో నష్టం ఉంది, అది అమ్మినవాడి ఒక్కడిది కాదు. మా ఊళ్లను అయిదో షెడ్యూలులో చేర్చమని ఏళ్లుగా అడుగుతున్నాం. గవర్నరును సంప్రదించి ఆ ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఉంది. ఒక ప్రాంతాన్ని షెడ్యూలులో చేర్చడానికి మొదట చూసేది అక్కడ ఆదివాసీ జనాభా ఎక్కువగా ఉందా లేదా అన్నదే. ప్లాట్లు పడి, ఇళ్లు లేచి, మన జనం ఊరొదిలి పోతే ఏ ముఖంతో అడుగుతాం? అందుకే ఒక్కడు అమ్మిన ఎకరం ఊరందరి హక్కునూ కోస్తుంది.

అవసరాలు లేవని నేను అనను. జ్వరం చట్టం చదివి రాదు. తప్పనిసరై అమ్మాల్సి వస్తే ముందు ఊళ్లో చెప్పండి, మనవాళ్లలోనే కొనేవాళ్లను వెతకండి. బయానా ముట్టక ముందే కాగితాన్ని గ్రామసభలో పైకి చదివించండి. తెల్లకాగితం మీదా, జనరల్ పవర్ మీదా వేలిముద్ర వేయకండి. అటవీహక్కుల పట్టా వారసులకు చెందుతుంది గానీ అమ్మకానికి పనికిరాదని ఇంటింటికీ చెప్పండి.

తోటి ఉపాధ్యాయులారా, విస్తీర్ణం పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని దీర్ఘచతురస్రంతో ఆపకండి. పిల్లలచేత ఇంటి నుంచి పాసుపుస్తకం నకలు తెప్పించండి. అడంగల్, వన్-బి చదవడం నేర్పండి. సర్వే నంబరు చూపించి, పొలంగట్టు మీద నడిపించండి. చదివి వివరించడానికి పిలిస్తే వెళ్లండి. సాక్షి సంతకానికి పిలిస్తే మాత్రం వెళ్లకండి.

ఆ పిల్లవాడికి మర్నాడు జవాబు చెప్పాను. "మీ నాన్నకు ఎకరం లెక్క తెలుసు, గజం లెక్క ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను" అన్నాను. వాడు ఏమీ అనకుండా పలక మీద 4,840 రాసుకున్నాడు.