కాకినాడ బురదనేలలు

వానకాలము వెనుకబట్టునప్పటికి ప్రతి సంవత్సరమును కాకినాడకు దూరదేశపు చుట్టములు దిగుచున్నారు. ఎచ్చటనో ఉత్తరమున పిల్లలను లేపిన ఉల్లంకిజాతి పక్షులు, సైబీరియానుండి వచ్చునవియు వీనిలో కొన్ని, వేలకొలది మైళ్లు దాటి కుంభాభిషేకము దగ్గరి బురదనేలలపై వ్రాలుచున్నవి. పట్టణవాసులలో పెక్కుమంది వానిని చూచియుండరు. చూచినవారును, చెత్తలో ఏవో పిట్టలు తిరుగుచున్నవనుకొని తమ దారిని పోయియుందురు.

ఆ బురదయే వాని అన్నపు పళ్లెరము. ఆటువేళ నీరు తొలగినంతనే పొట్టిముక్కు పిట్ట పైపై పురుగులను, పొడుగుముక్కు పిట్ట లోతున దాగిన నత్తలను ఏరుకొనును. పోటు వచ్చి నేల మునిగినప్పుడు మాత్రము వానికి అలజడిలేని పొడి ఇసుకతిన్నె కావలెను. ఆ కొన్ని గంటల విశ్రాంతి లేనిచో తిన్న తిండి లేచి యెగురుటకే వ్యయమగును. తిరుగు ప్రయాణమునకు వలసిన క్రొవ్వు ఒంటబట్టదు. కుక్కలు తరిమినను, ఫోటోలకై మనుష్యులు వెంటబడినను నష్ట మొక్కటే. పక్షిప్రియులమని చెప్పుకొనువారు గూడ ఈ మాట వినవలెను.

శీతకాలపు అతిథులలో ఒకదాని క్రిందిముక్కు పైముక్కుకంటె పొడవు. నీటిని తాకుచు నెగిరి, ఆ ముక్కుతో నీటిని చీల్చి చేపలను పట్టును. చంబలు, మహానదుల ఇసుకదిబ్బలపై గ్రుడ్లుపెట్టు ఈ జాతిని 2020లో ప్రపంచమున అంతరించు ప్రమాదముగల వాని పట్టికలో చేర్చిరి. అట్టిది మన వాకిటికి వచ్చుచున్నది.

కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది; విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్లు. కాని పక్షులకు హద్దురాళ్లు తెలియవు. పట్టణము నంటియున్న దుమ్ములపేటలో 2020లో ఇళ్లస్థలములకై మడచెట్లను నరికి మట్టిపోయగా, వివాదము జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయినది. పేదవానికి ఇల్లు కావలెనా, పిట్టకు చెట్టు కావలెనా యని యడుగుట కపటప్రశ్న. పేదవానికి ఇల్లు వలయును. దానిని మేము కాదనము. కాని పోటునీరు వచ్చు పల్లమున, గాలికిని అలకును అడ్డునిలిచిన మడను కొట్టి, అచ్చటనే వానికి చోటు చూపుట ఏపాటి ఉపకారము? 1839లో కోరంగి రేవును తుపాను పాడుచేసినది. 1996 నవంబరులో గోదావరి తీరమున మరల వందలకొలది కుటుంబములు దిక్కులేనివైనవి. మెరకభూములు ఎవరి చేతులలో నున్నవో ప్రభుత్వమువారికి తెలియదా? ఆ మడనీడనే రొయ్యపిల్లలును పీతలును పెరుగుచున్నవి. జాలరి జీవనము వానిమీదనే.

పక్షులను చూచుట పనిలేనివారి వినోదమని కొందరు నవ్వుదురు. 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొనిన హ్యూముదొర అంతకుముందే, 1872లో, పక్షులకై ఒక పత్రికను నెలకొల్పినవాడు. ఏండ్లతరబడి ఆయన కూర్చిన వ్రాతలను సేవకుడొకడు సిమ్లా బజారులో చిత్తుకాగితములుగా అమ్మివేసెనట! లెక్క పోయిన పిమ్మట దానిని తిరిగి తెచ్చుట యెవరి తరము? 1987 నుండి ప్రతి జనవరియందును ఆసియాదేశములలో స్వచ్ఛంద సేవకులు నీటిపక్షులను లెక్కించుచున్నారు. గోదావరి ముఖమునను ఆ పని జరుగుచున్నది. ఇది వట్టి బురద, ఇచ్చట ఏమియు లేదని గుత్తదారు పలికిననాడు, ఫలాని దినమున ఫలాని వేళ ఇన్ని పిట్టలని కళాశాల విద్యార్థి వ్రాసికొనిన ఒక్క పంక్తి అతనికి బదులు చెప్పగలదు.

కావున అధ్యాపకులు విద్యార్థులను వెంటబెట్టుకొని తీరమునకు పోవలెను. పోవుటకు ముందు జాలరులను అడుగవలెను. ఈ పక్షుల రాకపోకలు వారికి మనకంటె బాగుగా తెలియును. నగరపాలక సంస్థవారు అభయారణ్యమునకు వెలుపల మిగిలిన మడలను, బురదనేలలను కొలిపించి, సర్వే సంఖ్యలతో పటమును ప్రజలయెదుట నుంచవలెను. రాబోవు జనవరి లెక్కకు ముందే ఆ పటము వెలువడవలెనని మేము కోరుచున్నాము.