ఆరోగ్య ప్రకరణము: నడిపించెడి యంత్రము

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయినవారిని లేపి నడిపించు యంత్రములు వచ్చినవని వినియుందురు. ఇంట నట్టి రోగి గల యిల్లాలికి ఆ మాట విన్నంతనే ప్రాణము లేచివచ్చును. కావున అవి చేయగలదియు చేయలేనిదియు తెలిసికొనుట మంచిది.

మెదడు ఇచ్చిన యాజ్ఞను కాళ్లకు చేరవేయునది వెన్నుపాము. అది నలిగినచో ఆజ్ఞ నడుమనే నిలిచిపోవును. ఎక్సోస్కెలిటన్ అనునది వెలుపల తొడుగుకొను ఎముకలగూడు వంటిది. దానిని పట్టీలతో కాళ్లకు బిగింతురు. తుంటికడను మోకాళ్లకడను మోటారులుండును. రీవాక్ అను యంత్రమునందు, మణికట్టున గట్టిన చిన్న పరికరముతో లేచుటయో నడచుటయో నిర్ణయించుకొని, మొండెమును కొంచెము ముందునకు వంచినచో, యంత్రమా వంపును గ్రహించి అడుగు వేయించును. నిలుకడకు మాత్రము చేతికర్రలు పట్టవలసినదే.

దీనిని కల్పించిన అమిత్ గోఫర్ ఇజ్రాయేలు దేశపు ఇంజనీరు. 1997లో జరిగిన ప్రమాదమున ఆయనకు కాళ్లేగాక చేతులును చాలవరకు చచ్చుబడెను. కర్ర పట్టజాలక, తాను చేసిన యంత్రమును తానే వాడుకొనలేకపోయెను! ఇంగ్లండులో 2007లో గుఱ్ఱముపైనుండి పడి, రొమ్ము క్రింది భాగమెల్ల చచ్చుబడిన క్లేర్ లోమస్ అను వనిత, 2012లో దీనిని ధరించి 26 మైళ్ల లండన్ మారథాను దారిని రెండు వారములకు పైగా నడిచి ముగించెను. ఆమె భర్త వెనువెంట నడిచెను.

ఇట్టి వార్త చదివి నగలమ్మియైనను కొనవలెనని తొందరపడవలదు. యంత్రము నాడిని అతికింపదు. విప్పిన పిమ్మట కాళ్లు యథాప్రకారమే. వెన్నుపాము కొంత మిగిలినవారికిని, పక్షవాతము వచ్చినవారికిని వైద్యశాలలో దీనితో నడక నేర్పుట వేఱు సంగతి. అచ్చట మిగిలిన నాడులకు అభ్యాసము కలుగును. అమెరికాలో 2024లో ప్రభుత్వ బీమా దీనికి కట్టిన వెల సుమారు 91,000 డాలర్లు. రీవాక్ కొలతలు 160 సెంటీమీటర్లకు తక్కువ యెత్తు గలవారికి సరిపడవు. మన స్త్రీలలో ఆ యెత్తు లేనివారే యెక్కువ. 2014లో అమెరికా వారు ఇంట వాడుకకు అనుమతించినపుడు, తరిఫీదు పొందిన తోడు ఉండవలెనని నిబంధన చేసిరి. ఆ తోడు చాల యిండ్లలో తల్లియో భార్యయో. ఆమె శ్రమను వెలలో నెవ్వరును చేర్పరు.

యంత్రము దొరకినను దొరకకున్నను, ముందుగా చేయవలసిన పని యింటనే యున్నది. కదలని మోకాళ్లు, చీలమండలు బిగిసిపోవును. బిగిసిన కాలు యంత్రములో నొదుగదు. బరువు మోయని యెముక గుల్లబారి సులభముగ విఱుగును. కావుననే వైద్యులు ముందుగా ఎముకలను పరీక్షింతురు. కీళ్లను ప్రతిదినము మెల్లగా వంచి చాచు విధమును ఫిజియోథెరపిస్టువద్ద నేర్చుకొనుడు. పడకలో రెండేసి గంటలకు ఒత్తిగిలజేయుడు. మడమలు, పిరుదులు ఎఱ్ఱబారినవేమో దినదినము చూడుడు. యంత్రము తొడిగినవారికైనచో, విప్పిన ప్రతిమాఱును పట్టీల క్రింది చర్మమును గూడ చూడవలెను. స్పర్శ లేనందున, ఒరసికొనిపోయినను రోగికి తెలియదు.