బీమా పత్రము తెనుఁగున నేల లేదు?

ఏజంటు తెనుఁగున మాటలాడును. చెల్లించు సొమ్ము తెనుఁగువానిది. పత్రము మాత్రము ఆంగ్లము! ప్రైవేటు ఆరోగ్యబీమా వ్యవహారము మన యూళ్లలో నేఁటికి నిట్లే సాగుచున్నది.

గదియద్దె షరతునే చూడుఁడు. కొన్ని ఐదులక్షల పాలసీలలో దినమునకు నూటికొకటి, అనఁగా 5,000 రూపాయలు, హద్దు. రోగి 10,000 రూపాయల గదిలోఁ జేరి, హెచ్చయిన 5,000 మాత్రమే తన నెత్తినఁ బడునని తలంచును. కాదు. వైద్యుని రుసుము, శస్త్రచికిత్సాగృహపు రుసుముకూడ సగము కోఁతపడును. మందులకీ కోఁత లేదు, అంతమట్టుకు మేలే.

మధుమేహమును దాఁచి దరఖాస్తు నింపుఁడని బోధించు ఏజంటులును గలరు. చెప్పినచో దానికి హెచ్చుపక్షము 36 మాసములు వేచియుండవలెను; 2024కు ముందు 48 మాసములుండెను. దాఁచినచోఁ బాలసీయే రద్దు కావచ్చును.

బీమా నియంత్రణసంస్థ కచేరి మన హైదరాబాదుననే యున్నది. పాలసీదారు కోరినయెడల షరతుల సారాంశపత్రమును స్థానికభాషలో నీయవలెనని, 2024 జనవరి 1 మొదలుగా, ఆ సంస్థయే శాసించినది. కోరినయెడలనఁట! అడుగనిదే అమ్మయినఁ బెట్టదను సామెత కంపెనీల కెంత యనుకూలము! ఆంగ్లపు టుత్తరువును జదువలేనివాఁడు కోరుటెట్లు? కోరకయే, పాలసీతోఁబాటే, తెనుఁగుప్రతి చేతికీయవలెనని మేమనుచున్నాము.

అంతవఱకుఁ బాఠకులు ఊరకుండరాదు. సారాంశపత్రమును వెంటనే తెనుఁగునఁ గోరుఁడు. గదియద్దె, వేచియుండు గడువు, మినహాయింపులు చదువుఁడు. సరిపడకున్నఁ బాలసీ యందిన 30 దినములలోపలఁ ద్రిప్పిపంపుఁడు.