మీటరు చూపని వయస్సు

గత సంచికలో ఇంటి నీటిపంపు సంరక్షణను గురించి ముచ్చటించుకొన్నాం. అది చదివిన పిదప పలువురు మిత్రులు తమ పాత కార్లను గురించి కూడా వ్రాయవలసిందిగా కోరారు. మన కాలనీలో క్వార్టర్ల ముందు నిలిచి ఉండే పాతకార్లలో అధికభాగం మారుతి 800లే గనుక ఈ నెల దానినే ప్రస్తావనకు తీసుకొంటున్నాం. ఇక్కడ చెప్పబోయే విషయాలలో పెక్కు ఆ కాలపు ఇతర చిన్న కార్లకు సైతం వర్తిస్తాయి.

ఈ కారుకూ మన వంటి ఉద్యోగులకూ ఒక చుట్టరికం ఉన్నది. దీనిని తయారుచేసిన మారుతి ఉద్యోగ్ 1981లో ప్రభుత్వరంగ సంస్థగానే జన్మించింది. జపాను దేశపు సుజుకీ సంస్థ సహకారంతో తయారైన తొలి కారు తాళాలను 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. 796 సి.సి. గల మూడు సిలిండర్ల ఇంజను, 12 అంగుళాల చక్రాలు, తేలికైన దేహం కలిగిన ఆ చిన్నకారు మధ్యతరగతి కుటుంబాలను స్కూటరు నుండి కారులోనికి ఎక్కించింది. 2014 జనవరిలో ఉత్పత్తి నిలిచిపోయేనాటికి మన దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడయింది. అనగా, వాటిలో చివరి కారు కూడా నేడు పదేండ్లు దాటినదే.

ఈ కార్ల యజమానులు తరచుగా చెప్పే మాట ఒకటి ఉన్నది. "మా బండి యాభై వేల కిలోమీటర్లే తిరిగిందండీ, ఇంజను కొత్తదానివలె ఉన్నది" అంటారు. ఇంజను విషయంలో ఆ మాట చాలవరకు నిజమే. కాని కారంటే ఇంజను ఒక్కటే కాదు. ఇనుము తిరుగుటచేత అరుగుతుంది. రబ్బరు, ద్రవాలు తిరగకపోయినా కాలంచేత చెడుతాయి. కిలోమీటర్ల మీటరు మొదటిదానిని లెక్కిస్తుందే గాని, రెండవదానిని లెక్కించదు. కర్మాగారంలో పనిచేసే మనకు ఇది కొత్త సంగతి కాదు. స్టాండ్‌బై పంపు ఏడాదిపాటు తిరగకున్నా దాని సీళ్లను, నూనెను తేదీ ప్రకారం పరీక్షిస్తాం. ఆ విజ్ఞతను గేటు దాటి ఇంటికి రాగానే మరచిపోతున్నాం.

మా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక మిత్రుని అనుభవం ఇందుకు నిదర్శనం. వారు కుటుంబసమేతంగా అరకు లోయను చూచి, అనంతగిరి ఘాట్ మీదుగా దిగుతుండగా బ్రేకు పెడలు ఒక్కసారిగా మెత్తబడి నేలకు ఆనిపోయింది. వారు తొట్రుపడక గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకును క్రమంగా లాగుతూ కొండ వైపు మట్టిగట్టుకు బండిని ఆనించి ఆపారు. అరగంట గడిచాక పెడలు మామూలుగానే పనిచేసింది! మరునాడు మెకానిక్ అంతా విప్పి చూచి, "బ్రేకులు బాగానే ఉన్నాయి సార్" అన్నాడు. ప్యాడ్లు, షూలు నిజంగానే బాగున్నాయి. చెడినది బ్రేక్ ఆయిల్. తొమ్మిదేండ్లుగా దానిని మార్చలేదు. ఆ తొమ్మిదేండ్లలో కారు తిరిగినది ఇరవై రెండు వేల కిలోమీటర్లు మాత్రమే.

దీనికి కారణం సులభంగానే బోధపడుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం ఉన్నది. డాట్ 3 రకపు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగరాదని ప్రమాణం. నాలుగు శాతానికి లోపు తేమ చేరినప్పుడే ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డుపై ఎడతెగక బ్రేకు వేస్తూ దిగినప్పుడు ముందు డిస్కుల వేడికి ఆ పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. కావున మన పాదబలమంతా బుడగలను నొక్కుటకే చాలిపోయి చక్రాలకు చేరదు. చల్లారిన పిదప ఆవిరి తిరిగి ద్రవమై, దోషం మాయమవుతుంది. కారు ఎంత తక్కువ తిరిగినా సరే, బ్రేక్ ఆయిల్‌ను రెండేండ్లకొకసారి పూర్తిగా మార్పించి, గొట్టాలలోని గాలిని తీయించాలి. అదే సమయాన వెనుక చక్రాల వీల్ సిలిండర్ల వద్ద చెమ్మ ఉన్నదేమో, రబ్బరు బ్రేకు గొట్టాలు పగుళ్లు వారినవేమో చూపించాలి. ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకుపైనే ఆధారపడక, రెండవ గేరులో దిగుట అన్నివిధాలా క్షేమం.

ఇక టైర్ల సంగతి. గాడులు లోతుగా ఉన్నవి గనుక టైరు మంచిదేనని భావించరాదు. టైరు ప్రక్కభాగంపై, డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. అయిదారేండ్లు దాటిన టైరును ఏటా నిపుణులచేత పరీక్షింపజేయాలి. పదేండ్లు నిండినదానిని గాడులతో నిమిత్తం లేకుండా విడిచిపెట్టాలి. స్టెప్నీకి కూడా ఇదే న్యాయం. ఎన్నడూ నేలను తాకని స్టెప్నీయే తరచు అన్నిటికంటె వయసు మీరినదై ఉంటుంది.

ఈ ఇంజనులో కామ్‌షాఫ్టును త్రిప్పేది రబ్బరుతో చేసిన టైమింగ్ బెల్టు. అది తెగే ముందు ఏ శబ్దమూ చేయకపోవచ్చు; తెగిన క్షణాన ఇంజను ఆగిపోతుంది. లారీల మధ్య జాతీయ రహదారిపై అట్లా ఆగిపోవుట ఎంతటి ఆపదయో చెప్పనక్కరలేదు. బెల్టును ఎప్పుడు మార్చినదీ తెలియని పాతకారు కొన్నవారు, దానిని మార్చలేదనే భావించి వెంటనే మార్పించుట మేలు.

పెట్రోలు గొట్టాలపై ఇప్పుడు విశేషమైన శ్రద్ధ అవసరం. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. ఈ కార్లు రూపొందిన నాడు అంతటి మోతాదును ఎవరూ ఉద్దేశించలేదు. ఇథనాల్ పాతరకపు రబ్బరును ఉబ్బింపజేసి, పెళుసుబారజేస్తుంది, తేమనూ చేర్చుకొంటుంది. కావున పాత గొట్టాలను తీసివేసి, ఇథనాల్‌కు తట్టుకొనే రకం వేయించాలి. కార్బ్యురేటరులోని రబ్బరు భాగాలను కూడా చూపించాలి. కారులో పెట్రోలు వాసన వస్తే "పాతబండికి ఇది మామూలే" అని సరిపెట్టుకోరాదు. ఆ వాసన తొలగేవరకు బండిని తీయరాదు.

రేడియేటరులో బోరునీరు పోసే అలవాటు మన కాలనీలో ఇంకా పోలేదు. ఆ నీటిలోని లవణాలు సన్నని గొట్టాలలో పొక్కులు కట్టి ఇంజను వేడెక్కుటకు కారణమవుతాయి. కూలెంటును శుద్ధజలంతో తగిన పాళ్లలో కలిపి పోయాలి. తుప్పును అడ్డుకొనే దాని గుణం కాలక్రమాన హరించిపోతుంది గనుక, కారు పుస్తకంలో చెప్పిన గడువున మార్చాలి.

ఇక తుప్పు. సముద్రపు గాలి వీచే మన ప్రాంతంలో ఇదే అసలు శత్రువు. తలుపుల అడుగున నీరు కారే రంధ్రాలు మూసుకొనిపోకుండా పుల్లతో శుభ్రం చేయుట పిల్లలు సైతం చేయగల పని. వానకాలం వెళ్లగానే వర్క్‌షాపులో కారును పైకెత్తించి, అడుగుభాగాన్ని చూపించాలి. ఇంటివద్ద కేవలం జాకీపై నిలిపిన కారు క్రిందికి ఎవరూ దూరరాదు.

పాతకారును ఎంతకాలం ఉంచుకోవాలని కొందరు అడుగుతారు. సొంతకారు రిజిస్ట్రేషనుకు పదునైదేండ్లు గడువు. ఆపైన ఫిట్‌నెస్ పరీక్షతో అయిదేండ్ల చొప్పున పొడిగిస్తారు. ఆ కాగితం లభించినంత మాత్రాన మన బాధ్యత తీరదు. ఈ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. ప్రమాదం జరిగిన తరువాత కాపాడగలిగినవి తక్కువ గనుక, జరగకుండా కాపాడే బ్రేకులు, టైర్లు, స్టీరింగు నిర్దోషంగా ఉండాలి. సస్పెన్షన్ బిగించి ఉండే లోహభాగాలను తుప్పు తినివేసినదని నమ్మకమైన మెకానిక్ చెప్పినప్పుడు, ఆ కారుతో ఎంతటి అనుబంధం ఉన్నా సాగనంపుటే న్యాయం. అట్టి స్థితి రానంతవరకు, శ్రద్ధగా చూచుకొన్న మారుతి 800 నేటికీ పొదుపైన, మరమ్మతుకు తేలికైన వాహనమే.

రాబోయే ఆదివారం ఒక చిన్న నోటుపుస్తకం తీసుకొని కారులో ఉంచండి. బ్రేక్ ఆయిల్, టైర్లు, టైమింగ్ బెల్టు, పెట్రోలు గొట్టాలు, కూలెంటు: ఈ అయిదింటిని వరుసగా వ్రాసి, ప్రతిదాని ఎదుట చివరిసారి మార్చిన తేదీని వేయండి. టైర్లకు మాత్రం తయారైన తేదీని వేయండి. ఇంటిలోని వారందరికీ ఆ పుస్తకం ఎక్కడ ఉన్నదో తెలియజేయండి. ఏ గడి ఖాళీగా మిగిలితే, వర్క్‌షాపులో చేయించవలసిన మొదటి పని అదే.