ముప్ఫై అయిదేళ్ల పసివాళ్లు ఉండరు

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్ల గురించి మన ఇళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. వాళ్లు దేవుడి బిడ్డలు, కల్లాకపటం ఎరగరు, ఎన్నేళ్లొచ్చినా వాళ్లది పసిమనసే అని. వెలివేసేవాళ్లు తగ్గి ఇలా ముద్దుచేసేవాళ్లు పెరిగారు కాబట్టి లోకం బాగుపడుతోందని చాలామంది సంతోషిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఒకప్పుడు పూర్వజన్మ పాపమని గదిలో పెట్టి తలుపు వేసేవాళ్లు. ఇప్పుడు పసివాడని అదే గదిలో కూర్చోబెట్టి బొమ్మలిస్తున్నారు. మనిషి బయటికి వచ్చింది లేదు.

ఆ మధ్య బంధువుల పెళ్లిలో ఒకాయన్ని చూశాను. డౌన్ సిండ్రోమ్ ఉంది. ముప్ఫై అయిదు దాటాయి, చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ఫంక్షన్ హాలు గుమ్మంలో పన్నీరు చల్లేచోట నిలబడి వచ్చినవాళ్లందరికీ నమస్కారం పెడుతున్నాడు. ఒకావిడ వచ్చి బుగ్గ గిల్లింది. పక్కనున్న తల్లి వైపు తిరిగి, "అన్నం తిన్నాడా వదినా వీడు?" అని అడిగింది. "తిన్నా" అన్నాడాయన. ఆవిడ చెవిన పడలేదు. తల్లి "తిన్నాడులే" అన్నాక తలూపి లోపలికి వెళ్లింది. తర్వాత వచ్చిన పెద్దమనిషి జేబులోంచి చాక్లెట్ తీసి చేతిలో పెట్టాడు. అదే గుమ్మంలో ఆయన తమ్ముడూ ఉన్నాడు. అదే ముక్కు, అవే కనుబొమలు. ఆ తమ్ముణ్ని అందరూ "ఏం బావగారూ, ఎప్పుడొచ్చారు?" అని పలకరిస్తున్నారు. అక్కడ ఎవరి మనసులోనూ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా అన్నగారి వయసు మాత్రం ఆ గుమ్మంలో ఎవరికీ కనిపించలేదు.

ఈ అపోహకు శరీరమూ కొంత కారణమే. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం వల్ల ఈ స్థితి వస్తుందని 1959లో ఫ్రెంచి శాస్త్రవేత్త జెరోమ్ లెజూన్ బృందం ప్రకటించింది. ఆ అదనపు క్రోమోజోమ్ వల్ల మనిషి పొట్టిగా, గుండ్రటి ముఖంతో కనిపిస్తాడు. కండరాల్లో బిగువు తక్కువ. నాలుక, పెదవుల కండరాలూ అంతే కాబట్టి మాట ముద్దముద్దగా వస్తుంది. చెవి లోపల ద్రవం చేరి వినికిడి తగ్గడం కూడా మామూలే. చెవితో విన్నది గుర్తుపెట్టుకోవడం కష్టం, కంటితో చూసింది బాగా పట్టుబడుతుంది. అందువల్ల వాళ్లకు అర్థమయ్యేది వాళ్లు చెప్పగలిగే దానికంటే చాలా ఎక్కువ. మనమేమో నోటి మాటను బట్టే బుర్రను అంచనా వేస్తాం. ఆ రెంటికీ మధ్య దూరం ఉందన్న సంగతి చెప్పేవాళ్లు లేక, కన్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి కొడుకుతో సగం మాటలే మాట్లాడుతూ బతుకుతారు.

దీనికి లెక్కల బలం కూడా తోడైంది. బినే-కామత్ లాంటి తెలివితేటల పరీక్ష పెట్టి, "మానసిక వయసు ఏడేళ్లు" అని రిపోర్టులో రాసిస్తారు. కొన్ని రకాల ప్రశ్నలకు ఏడేళ్ల పిల్లలు సగటున ఎన్ని జవాబులు చెబుతారో ఈ మనిషీ అన్నే చెప్పాడని తప్ప దానికి వేరే అర్థం లేదు. ఆ కాగితం ఇంటికొచ్చేసరికి మనిషికే ఏడేళ్లయిపోతాయి. ఏడేళ్ల పిల్లవాడు తండ్రి శవాన్ని మోశాడా? చెల్లెలి కాపురం చక్కబడాలని దిగులుపడ్డాడా? ఏ బస్సు ఎన్నింటికొస్తుందో పదేళ్లుగా చూస్తూ ఉన్నాడా? ముప్ఫై అయిదేళ్లు బతికిన అనుభవాన్ని ఏ పరీక్షా లెక్కలోకి తీసుకోదు.

అసలు "ఎప్పటికీ పసివాళ్లే" అన్న మాటను తలకిందులు చేసేది వైద్యమే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు మనకంటే ముందే ముసలివాళ్లవుతారు. అల్జీమర్స్‌తో ముడిపడ్డ ఒక ముఖ్యమైన జన్యువు ఈ 21వ క్రోమోజోమ్ మీదే ఉంది. అందుకే వాళ్లలో చాలామందికి నలభైలు, యాభైల్లోనే మతిమరుపు మొదలవుతుంది. పుట్టినవాళ్లలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. దానికి ఆపరేషన్లు వచ్చాక, పిల్లల్ని ఆశ్రమాల్లో పడేయడం తగ్గాక, 1980ల్లో అమెరికాలో పాతికేళ్లున్న సగటు ఆయుర్దాయం ఇప్పుడు అరవైకి చేరింది. అంటే వాళ్లలో చాలామంది జీవితంలో మూడింట రెండు వంతులు పెద్దవాళ్లుగానే గడుపుతారు. ఆ నలభై ఏళ్లకు మన దగ్గర ఏర్పాటేమైనా ఉందా? చిన్నప్పుడు ఫిజియోథెరపీకి, స్పీచ్ థెరపీకి తిప్పుతారు. పద్దెనిమిది దాటాక సోఫా, టీవీ, సెల్‌ఫోన్. నలభై అయిదేళ్ల మనిషి మందకొడిగా తయారైతే "వాళ్లంతేనండీ" అని వదిలేస్తారు. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్ లోపం చాలా మామూలు. ఒక రక్తపరీక్షతో బయటపడుతుంది, రోజుకో మాత్రతో కుదుటపడుతుంది. పసివాడనుకున్నవాడికి పెద్దవాళ్ల జబ్బులుంటాయని ఎవరికీ తట్టదు.

బళ్లలోనూ ఈ భావనే నడుస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు వీళ్లకుంది, ఇంటి దగ్గరి బడిలోనైనా, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోనైనా. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అయినా పదకొండేళ్ల అమ్మాయిని "నీకక్కడే బావుంటుందిలే" అంటూ ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టే బళ్లు నాకు తెలుసు. ఆ పిల్ల ఈడువాళ్లు పైతరగతికి పోతూ ఉంటే, ఆమె మాత్రం ఏటా కొత్తగా వచ్చిన పిల్లలతో అదే పాట పాడుతుంది. ప్రత్యేక పాఠశాలలు కొన్ని ఇంకో అడుగు ముందుకేసి, మీసాలొచ్చిన కుర్రాళ్లతో నర్సరీ రైమ్స్ చెప్పిస్తాయి. వీళ్లకు డబ్బు లెక్క, గడియారం, ప్రయాణం, చేతిపని ఎలా నేర్పాలో తెలియకనా? ఆ విద్య మన పక్కనే ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఈ పనే చేస్తోంది. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకో బొమ్మ చూపిస్తూ నేర్పే పద్ధతి ఏ తల్లయినా ఇంట్లో పాటించగలిగేదే. టీ పెట్టడం నేర్పాలంటే గిన్నె, నీళ్లు, పొడి, పాలు, చక్కెర, వడకట్టడం, ఒక్కోదానికి ఒక ఫొటో తీసి పొయ్యి పైన గోడకు అంటిస్తే చాలు. మన దగ్గర లోటు నేర్పే పద్ధతిది కాదు. నేర్చుకుని పెద్దవాళ్లవుతారన్న నమ్మకమే లేదు.

"బయటి లోకం మంచిది కాదు, మోసపోతారు, ఆడపిల్లయితే ఇంకా భయం" అంటారు కన్నవాళ్లు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నాలుగు గోడలు, పసితనం వాళ్లను కాపాడిన దాఖలా ఉందా? 1994లో పుణెలో మేధో వైకల్యం ఉన్న అమ్మాయిలకు గర్భసంచులు తీసేశారు. వాళ్లు ప్రభుత్వ వసతి గృహంలో ఉన్నవాళ్లు. నెలసరి శుభ్రత చూసుకోలేరన్నది చెప్పిన కారణం. ప్యాడ్ మార్చుకోవడం కూడా బొమ్మలతో నేర్పగలిగిన పనే. పసిపిల్లేనని నిర్ణయించుకున్నాక శరీరాన్ని కూడా పసిదాన్ని చేయాలనుకున్నారు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చండీగఢ్ కేసులో మేధో వైకల్యం ఉన్న యువతి మీద అత్యాచారం జరిగింది ప్రభుత్వ ఆశ్రయంలోనే. ఆమె బిడ్డను కంటానంది. ఆమె ఇష్టం లేకుండా గర్భస్రావం చేయకూడదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016 చట్టం అయితే, సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే వైద్యాన్ని నిషేధించింది. చెడ్డ స్పర్శ అంటే ఏమిటో, వద్దని ఎలా అనాలో, ఎవరికి చెప్పాలో తెలిసిన మనిషికే రక్షణ ఎక్కువ. పసివాళ్లకు ఇవన్నీ ఎందుకని దాచిపెట్టేది మనమే.

ఇక డబ్బు. పద్దెనిమిది నిండగానే బ్యాంకుకు వెళితే గార్డియన్ కాగితం తెమ్మంటారు. తల్లిదండ్రులు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దాన్ని తెచ్చుకుంటారు. నిజానికి 2016 చట్టం వీళ్లకు అందరితో సమానంగా తమ డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కిచ్చింది. సాయం కావాలంటే, ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, మనిషితో కలిసి ఆలోచించే పరిమిత సంరక్షకుణ్ని పెట్టమంది. కోర్టు మతిస్థిమితం లేదని తేలిస్తే తప్ప ఓటు హక్కూ పోదు. హక్కుంటే సరిపోదు, ఓటరు జాబితాలో పేరుండాలి. పేరున్న చాలామందిని పోలింగు రోజున తీసుకెళ్లేవాళ్లు లేరు.

పని మాటెత్తితే నవ్వేవాళ్లకు ఒక ఉదాహరణ చాలు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలో మిట్టీ కెఫే తెరుచుకుంది. వైకల్యాలున్నవాళ్లు, వాళ్లలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లూ నడిపే హోటళ్ల వరస అది. అదే ఏడాది స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతీయ శాసనసభలో డౌన్ సిండ్రోమ్ ఉన్న మార్ గాల్సెరాన్ సభ్యురాలిగా ప్రమాణం చేసింది. నేను అందరూ శాసనసభకు పోవాలని అనడం లేదు. మన కిరాణా కొట్లో, లైబ్రరీలో, నర్సరీ తోటలో, హోటలు వంటింట్లో వాళ్లకు సరిపడే పని ఉంది, జీతం ఇచ్చే పని. కేంద్ర, రాష్ట్ర ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఇచ్చే నాలుగు శాతంలో ఒక శాతం మేధో వైకల్యం లాంటివాటి కోసమని చట్టంలో ఉన్నా, నోటిఫికేషన్లు చాలావరకు రాతపరీక్షతోనే మొదలవుతాయి. అటెండరు ఉద్యోగానికి ఆ పని చేయించి చూస్తే చాలదా?

మొదటి మార్పుకు మాత్రం ప్రభుత్వం దాకా పోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 పింఛను వస్తోంది. ఆ డబ్బు ఎవరి పేరున వస్తుందో వాళ్ల చేతికి ఇస్తున్న ఇళ్లు ఎన్ని? మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, ఈ నెల అందులోంచి అయిదు వందలు తీసి ఆయనకే ఇవ్వండి. బజారుకు తోడుగా వెళ్లండి, బేరం మాత్రం ఆయన్నే ఆడనివ్వండి. చిల్లర తక్కువ తెచ్చుకున్నాడా, మరుసటి నెల మళ్లీ ఇవ్వండి.